లూధియానా వారి నూటపదహార్లు

మొన్న నిమజ్జనానికి ముందు మా గల్లీ మండపంలో లడ్డూ వేలం పాట పెట్టారు. మైకును సరిగ్గా మా వరండా వైపు తిప్పి కట్టారు కాబట్టి వద్దన్నా చెవిలో పడుతూనే ఉంది. ధర ఒకచోట ఆగిపోయి, "ఒకటోసారి... రెండోసారి..." అంటుండగా వెనక వరసలోంచి ఎర్ర చొక్కా చెయ్యి ఒకటి లేచి ఇంకో వెయ్యి పెంచింది. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. మండపం వేసినతని బావమరిదిది. అతనికి చక్కెర జబ్బు, లడ్డూ ముట్టకూడదు.

"చూసినవా వదినె, వాళ్ల మనిషే!" అని పక్క కుర్చీ వైపు తిరిగాను. కుర్చీలో మడత పెట్టని బట్టలు ఉన్నాయి.

ఆ కుర్చీ మనిషి మొన్నటి ఎండల్లో కన్నుమూసింది. వేలం పాట అన్న మాట వింటే ఆమె కూర్చునేది కాదు, లేచి నిలబడేది. ఇప్పుడు ఆమె గురించి రాద్దామని కూర్చుంటే నాకూ నిలబడే రాయాలనిపిస్తోంది. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి. ఆమె పేరు మాత్రం రాయను. రాస్తే, ఇంటిపేరు ముందు ఎందుకు పెట్టలేదని పోట్లాడటానికి తిరిగొచ్చినా వస్తుంది.

అశోక్ నగర్‌లో మా ఎదురు వాటా వాళ్లది. వాళ్లాయన ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను చిక్కడపల్లిలో పుట్టి, నాలుగు వీధుల ఇవతలికి కాపురానికి వచ్చినదాన్ని. ఆమె నన్ను వదినా అనేది, నేను ఆమెను వదినె అనేదాన్ని. ఎవరి అన్నను ఎవరు చేసుకున్నారో మేమెప్పుడూ తేల్చుకోలేదు. ఆమె మాట్లాడితే మెట్ల మీద నుంచి స్టీలు గ్లాసులు దొర్లినట్టుండేది. నేను మాట్లాడితే తిట్టినట్టుంటుందని ఆమే అనేది. అయినా మాకు కుదిరింది.

క్రికెట్టు వస్తుంటే ఆమెను పట్టలేం. బౌలరు పరుగు మొదలుపెట్టగానే కొంగు నడుముకు దోపేది, బంతి ఆగాక తీసేది. మళ్లీ బంతికి మళ్లీ దోపడం. గ్యాసు బండ అతను తలుపు కొడితే "ఓవరయ్యాక రా నాయనా" అనేది. పాపం, అతను భుజాన బండతో నిలబడి స్కోరెంతని అడిగేవాడు. ఒకసారి నేను పప్పు గరిటె చేత్తో పట్టుకునే ఏదో అడుగుదామని వాళ్ల గుమ్మంలోకి వెళ్లాను. అప్పుడే మనవాళ్లు ఫోరు కొట్టారు.

"కదలకు వదినా! నువ్వక్కడ నిలబడ్డాకే బ్యాటుకు బంతి తగిలింది."

"పొయ్యి మీద పప్పున్నది. గ్యాసు కాలుతున్నది నాది."

"కాలనీ. కాలు మాత్రం తియ్యకు."

ఆ జోడీ విడిపోయేదాకా గరిటెతో గుమ్మంలో నిలబడ్డాను. పప్పు మాడింది. నేను మొహం మాడ్చుకుని కూర్చుంటే, ఆమె గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చి, "గెలిచిన పప్పు వదినా, పారేస్తావా?" అని ఆ మాడు పప్పే అన్నంలో కలుపుకుని తింది. రుచిగా ఉందని కూడా అంది.

ఇక ఆ బొమ్మల సంగతి. మా పిల్లలు చిన్నగా ఉన్న రోజుల్లో బబుల్ గమ్ పొట్లంలో క్రికెట్ ఆటగాళ్ల బొమ్మ అట్టలు వచ్చేవి, పొట్లానికి ఒకటి. పిల్లలు ఏడ్చి కొనిపించుకునేవాళ్లు. నలభై దాటిన ఆడమనిషికి ఎవరు కొనిపెడతారు? ఆమే కిరాణా కొట్టు ముందు నిలబడి, పొట్లాలను వెలుతురుకు ఎత్తి చూసి చూసి కొనుక్కునేది. బొమ్మ ఉంచుకుని గమ్ పారేయవచ్చు కదా? పారేయదు. "తినే వస్తువు పారేస్తే పాపం" అని నమిలేది. ఆ ఒక్క విషయంలో నాకు ఆమె మీద గౌరవం. బియ్యంలో రాళ్లు ఏరుతూ బుడగ ఊదేది. అది పగిలి ముక్కుకు అంటుకుంటే, చేటలోంచి చేతులు తీయకుండానే నన్ను పిలిచి తీయించుకునేది.

బొమ్మలన్నీ ఒక గుండ్రటి బిస్కెట్ డబ్బాలో ఉండేవి, బొమ్మకూ బొమ్మకూ మధ్య పాత క్యాలెండరు కాగితం ముక్క పెట్టి. ఆదివారం భోజనాలయ్యాక చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆవకాయ వాసన పోయిందో లేదో ముక్కు దగ్గర పెట్టి చూసుకుని అప్పుడు మూత తీసేది. "ఈయన ముందుకాలు చూడు వదినా, ఎంత దూరం వెళ్లిందో. ఆ కాలు చూస్తే బంతికే సిగ్గేస్తుంది" అనేది. ఒక్కో బొమ్మకు ఒక్కో ఆట కథ. ఎక్కడ వాన వచ్చింది, ఎవరి చేతిలో క్యాచ్ జారింది, ఎవరు తల వంచుకుని వెనక్కి నడిచారు. ఎన్నోసారి చెబుతున్నా అప్పుడే మైదానంలోంచి వచ్చినట్టు చెప్పేది.

ఆయన అదే గదిలో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. మూత చప్పుడు కాగానే "మొదలెట్టావా" అనేవారు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. క్రికెట్టంటే ఆయనకు గిట్టదు. పదకొండు మంది ఎండలో నిలబడితే మనకేమిటి పుణ్యం అనేవారు.

ఆమె మా అపార్టుమెంటు ఆడవాళ్లతో చీటీ కూడా నడిపేది. చీటీ పాట తెలియనివాళ్లకు ఒక మాట. ఆ నెల డబ్బు అవసరమున్నవాళ్లు "నేనింత వదులుకుంటా" అని పాడతారు. ఎక్కువ వదులుకున్నవాళ్లకు చీటీ వస్తుంది. నడిపేవాళ్లు తమ మనిషిని గుంపులో కూర్చోబెట్టి పాడించారనుకోండి, అవసరమున్న పిచ్చిది ఇంకా ఇంకా వదులుకుంటూ పోతుంది. దాన్ని మేము దొంగపాట అంటాం. అందుకని ఆమె చట్టం ఒక్కటే. నడిపే ఇంటి మనిషి పాటలో నోరెత్తకూడదు. ఒకసారి పాట మంచి ఊపు మీద ఉండగా లోపలి గదిలో ఆయన గొంతు సవరించుకున్నారు.

"మెట్ల మీదికి వెళ్లి దగ్గండి" అంది ఆమె.

"దగ్గు కూడా పాటేనా?"

"మా వాళ్లు తొందరలో ఉన్నారు, ఏది విన్నా పాటే అనుకుంటారు. వెళ్లండి."

ఆయన చెప్పులేసుకుని వెళ్లి మెట్ల మీద కూర్చున్నారు. అలాంటి మనిషి నడిపిన చీటీ కాబట్టే ముసలితనం వచ్చి ఆమె మానేసేదాకా ఒక్కరం కూడా అందులోంచి తప్పుకోలేదు.

శుక్లాలు తీయించాక ఆమెకు ఒక కన్ను బాగుపడింది, రెండోది పడలేదు. ఒక ఆదివారం ఒక బొమ్మను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, పక్కకు తిప్పి చూసి, మళ్లీ డబ్బాలో పెట్టేసింది.

"అమ్మేస్తా వదినా."

"ఏంది, డబ్బానా? ఎందుకు?"

"మొహాలన్నీ అలుక్కుపోయాయి. నాకు కనపడనివాళ్లు నా దగ్గరెందుకు? కళ్లున్నవాళ్ల దగ్గరికి పోవాలి."

"ఎంతొస్తది?"

"నీకు అదే కావాలి" అని నవ్వింది. ఆ మధ్యాహ్నం ఆయన పేపరు పేజీ తిరగలేదు. నిద్రపోయారేమో అనుకున్నాను.

ఆమె ఫోనులో పాత ఆటగాళ్ల బొమ్మలు కొనుక్కునే, అమ్ముకునే గ్రూపు ఒకటి ఉండేది. ఎవరైనా చేరవచ్చు, ఎక్కడెక్కడివాళ్లో ఉంటారు. నంబర్లు కనపడవు, ఎవరు పెట్టుకున్న పేరే వాళ్లది. అమ్మేవాళ్లు ఫోటో పెడతారు, దీపాలు పెట్టే వేళ వరకు గడువు ఇస్తారు. చివర ఎవరు ఎక్కువ చెబితే సరుకు వాళ్లది. ఆమె డబ్బా మొత్తం ఒకే పాటగా పెట్టింది. విడదీస్తే వాళ్లకు తోచదు అంది, బొమ్మల్లో ఆటగాళ్లకు.

ఆ రోజు వాళ్ల వరండాలో స్టూలు మీద ఫోను పెట్టుకుని నిలబడింది. నన్ను కూర్చోమంది. ఐదు వందల దగ్గర మొదలై మెల్లగా పాకుతున్న పాట, నారాయణగూడ పళ్ల డాక్టరు ఒకాయన రెండున్నర వేలు అనేసరికి ఆగింది. మిగతావాళ్లు తప్పుకున్నారు.

"పళ్ల డాక్టరట వదినా! చిన్నప్పుడు గమ్ నమిలినవాడే అయ్యుంటాడు. ఇప్పుడు నమిలినవాళ్ల పళ్లు పీకుతున్నాడు!" అని ఒకటే నవ్వు.

అప్పుడు ఫోను టింగ్‌మంది. కొత్త పేరు. లూధియానా అని మాత్రం ఉంది. మూడు వేల నూటపదహారు.

"పంజాబు! పంజాబు దాకా వెళ్లింది నా డబ్బా!" కొంగు నడుముకు దోపేసింది.

డాక్టరు మూడున్నర వేలు. లూధియానా నాలుగు వేల నూటపదహారు. నేనూ కుర్చీలోంచి లేచాను. సుల్తాన్ బజారులో ధర తగ్గించడమే పుట్టినప్పటి నుంచి నాకు తెలిసిన విద్య. పెరుగుతుంటే చూడటం ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు. డాక్టరు నాలుగున్నర. లూధియానా ఐదు వేల నూటపదహారు. ఇద్దరం ఒకరి చేయి ఒకరం పట్టుకున్నాం. కింద వీధిలో కోచింగు పిల్లలు టీ తాగుతూ తలలెత్తి మమ్మల్ని చూశారు.

ఆ తర్వాత వచ్చింది ధర కాదు, మాట. డాక్టరు రాశాడు. ఆమె మంచి కన్ను ఫోనుకు ఆనించి చదివింది.

"అమ్మ గారూ, ఏమనుకోకుండ్రి. ఈ లూధియానా పేరు ఇయ్యాలనే గ్రూపులకు వచ్చింది. మీ డబ్బా తప్ప దేని మీద పాడలే. నేను పెట్టంగనే పైకి పోతున్నది. ఇది మీ మనిషి కాదని మీరొక్క మాట చెప్పుండ్రి, నేను ఇంకా పాడుత."

దాని కింద గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు 'మాకూ అదే అనుమానం' అని పెడుతున్నారు.

ఆమె కొంగు తీసేసింది. స్టూలు పక్కన కూలబడింది. "చీటీలో కూడా నన్నెవరూ ఈ మాట అనలేదు వదినా."

"కాదని రాసెయ్. నీకేం భయం?"

"రాస్తా. అనుమానం గోడకంటిన నూనె మరక. సున్నం వేసినా పైకి తేలుతుంది. ఈ లూధియానా ఎవరో తెలియకపోతే డబ్బా పోతుంది, దాంతోపాటు నా పేరూ పోతుంది."

ఒక్కో అక్షరం వెతుక్కుని రాసింది. 'నాకు తెలిసి ఇందులో నా మనిషి ఎవరూ లేరు.' డాక్టరు వెంటనే చేతులు జోడించిన బొమ్మ పెట్టి, ఐదున్నర వేలు పాడాడు. మర్యాదస్తుడు.

అప్పుడు నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. అక్షరాలు నాకు ఆలస్యం కానీ అంకెలు కావు. మూడు వేల నూటపదహారు, నాలుగు వేల నూటపదహారు, ఐదు వేల నూటపదహారు.

"వదినె, లూధియానాల గూడ నూటపదహార్లు చదివిస్తరా?"

"అంటే?"

"మా పెద్దదాని పెండ్లికి సుల్తాన్ బజారు సర్దార్జీ వచ్చిండు గదా, బట్టల దుకాణమాయన. ఐదు వందల ఒకటి పెట్టిండు కవర్ల. వాళ్లది ఒకటితోనే ముగుస్తది. నూటపదహార్లు మనోళ్లే చదివిస్తరు. వీడు పంజాబు గాదు, పెండ్లికొచ్చిన తెలుగోడు."

ఆమె నోరు తెరిచింది. మూయకముందే లోపలి గదిలోంచి వినపడింది.

టక్. టక్. టక్. టక్.

మా వయసువాళ్ల ఫోన్లన్నీ అంతే. అంకె నొక్కితే వీధికి వినపడేలా కొట్టుకుంటాయి. నాలుగు అంకెలు. ఇద్దరం నా చేతిలోని ఫోను వైపు చూశాం. అది టింగ్‌మంది. లూధియానా, ఆరు వేల నూటపదహారు.

"వదినె, లూధియానా మీ నడిమింట్లనే ఉన్నది" అన్నాను.

ఆమె లేచిన వేగానికి కాలు స్టూలుకు తన్నుకుంది. తలుపు తోసేసరికి ఆయన మంచం అంచున కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని, ఫోనును వేడి గిన్నెలా రెండు వేళ్లతో పట్టుకుని ఉన్నారు.

"లూధియానా ఏమిటండీ?"

"నా స్వెట్టరు పట్టీ మీద రాసుంది."

"మరి ఆ నూటపదహార్లు?"

"సున్నాతో ఎలా ఇస్తాను?"

నాకు నవ్వు ఆగలేదు. ఆమెకు రాలేదు. "నేను ఇప్పుడే అందరి ముందు నా మనిషి లేడని రాశాను. ఎందుకు చేశారీ పని?"

"ఎవడో తక్కువకు కొట్టుకుపోతుంటే చూస్తూ కూర్చోమంటావా? నాలుగు డబ్బులు ఎక్కువొస్తే నీకే కదా."

"నడిపే ఇంటి మనిషి నోరెత్తకూడదని మీకు తెలియదా?"

"ఇది చీటీ కాదుగా."

"పాట పాటే!" గ్లాసులు కాదు, ఆ రోజు బిందె దొర్లింది మెట్ల మీద.

నేను మధ్యలోకి వెళ్లాను. "ఎందుకీ లొల్లి? పాట రద్దని రాసెయ్. డబ్బా ఇంట్లనే ఉంటది, నీ పేరు గూడ ఉంటది." ఆ మాటకు ఆయన చటుక్కున తలెత్తి ఆమె వైపు చూశారు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "డాక్టరు గారు ఏ తప్పూ చెయ్యలేదు వదినా. నా మాట నమ్మి ఇంకా పాడాడు. ఆయన్ను వట్టి చేతులతో పంపిస్తే దొంగపాటే గెలిచినట్టు."

రాయలేదు. వరండాలోకి వచ్చి, నిలబడి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి పంపింది. "గ్రూపులో అందరికీ నమస్కారం. లూధియానా వారు మా ఆయన. నేను రాసినప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. తెలియకపోయినా మా ఇంటి మనిషే, తప్పు మా ఇంటిదే. ఆయన రాకముందు డాక్టరు గారి పాట రెండున్నర వేలు. అక్కడికే పాట కొట్టేశాను. డబ్బా ఆయనది. ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే అనండి, రేపు వెనకాల అనుకోవద్దు."

ఐదున్నర వేలు పలికిన వస్తువు రెండున్నరకు! తర్వాత డాక్టరు గొంతు వచ్చింది, నవ్వుతూ. "అమ్మ గారూ, ఇట్ల చెప్పేటోళ్లను నేను చూడలే. సార్‌ను జర కోప్పడకుండ్రి." ఆ వెనకే గ్రూపంతా దండాల బొమ్మలు. ఆమె ఒక్కొక్క దండాన్నీ వేలితో తోసుకుంటూ చూసింది. మళ్లీ కొంగు దోపింది.

"పేరు నిలబడింది వదినా" అంది.

"మూడు వేలు పడిపోయినయి" అన్నాను నేను.

తరువాతి ఆదివారం నారాయణగూడలో డాక్టరు దవాఖానాకు వెళ్లాం. నేనే వచ్చి తీసుకుంటానని డాక్టరు అంటే, అమ్మినవాళ్లే అప్పగించాలని ఆమె ఒప్పుకోలేదు. ముగ్గురం ఒకే ఆటోలో. వాళ్లాయన డబ్బా ఒళ్లో పెట్టుకుని, మూత ఎగిరిపోతుందన్నట్టు రెండు చేతులతో అదిమిపట్టి కూర్చున్నారు.

డాక్టరు నడివయసు మనిషి, నెత్తి పలచబడింది. డబ్బా చూడగానే మాత్రం పండగ బట్టలు కొనిచ్చిన పిల్లాడి మొహం అయింది. ఆమె పళ్లు పీకే కుర్చీలోనే కూర్చుంది. "ఇక్కడే వెలుగు బాగుంది" అని వెనక్కి వాలింది. డాక్టరు నెత్తి మీది పెద్ద లైటు బొమ్మల మీదికి తిప్పాడు. ఆమె చెబుతోంది, ఆయన ఒక్కొక్కటే తీస్తున్నాడు. కంటికి ఆనకపోయినా వరస ఆమె నోటికి ఉంది. నేను పక్కన నిలబడ్డాను. ఆమె భర్త గుమ్మం దగ్గర గోడకు వేలాడే దవడ పన్ను బొమ్మను పరీక్షగా చూస్తూ, మాకు వీపు పెట్టి నిలబడ్డారు.

"ఈయన వికెట్ కీపరు డాక్టరు గారూ. ఎడమ గ్లౌజు చూడండి, బొటనవేలి దగ్గర కుట్టు ఊడి ఉంటుంది."

"కుడిది" అన్నారు ఆయన, గోడ వైపు నుంచి.

ఆమె ఆగిపోయింది. డాక్టరు బొమ్మను లైటు కిందికి జరిపి కళ్లు చికిలించాడు. "కుడిదే అమ్మ గారూ."

ఆమె ఆయన వైపు తిరగలేదు. కప్పుకేసి చూస్తూ, "దీని తర్వాత ఎవరు?" అని మెల్లగా అడిగింది.

ఆయన చెప్పారు. ఆ తర్వాత ఎవరో కూడా చెప్పారు. ఎవరి ముందుకాలు ఎంత దూరం వెళ్లిందో, ఎవరి టోపీకి మరక ఉందో, ఎక్కడ వాన వచ్చిందో, ఆ క్యాచ్ ఎవరి చేతిలోంచి జారిందో, దవడ పన్నుకు అప్పగించినట్టు వరసగా చెప్పుకుంటూ పోయారు. డాక్టరు ఒక్కో బొమ్మ తిప్పడం, తలూపడం. ఒక్కటి తప్పలేదు. ఆమె కుర్చీలో పడుకుని, మంచి కన్నూ చెడ్డ కన్నూ రెండూ మూసుకుని, నోరు కొంచెం తెరిచి వింటోంది. చెంపలు మాత్రం అదురుతున్నాయి. అన్నేళ్లలో ఆమె నోరు తెరిచి ఏమీ మాట్లాడకుండా ఉండటం నేను చూడలేదు.

డబ్బా అడుగు కనపడింది. ఆయన గొంతు సవరించుకున్నారు. ఈసారి ఎవరూ ఆయన్ను మెట్ల మీదికి పంపలేదు.

"డాక్టరు గారూ, మీకు తొందరేమైనా ఉందా?" అంది ఆమె, కళ్లు తెరవకుండానే.

బయట బల్ల మీద ఒక మనిషి వాచిన దవడను చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. డాక్టరు తలుపు కొంచెం తీసి, "జర కూసో అన్నా" అని అతనికి చెప్పి, తలుపు మూసి వచ్చి, బొమ్మలన్నీ మళ్లీ మొదటి నుంచి పేర్చాడు.